శాండీని పట్టిన మోడల్ మంచు తుపానులో తప్పింది: వారం ముందు అంచనాలపై కేస్ స్టడీ

ఏ వాతావరణ మోడల్, అంటే రాబోయే గాలి, వానలను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, మేలన్న వాదన వచ్చినప్పుడల్లా శాండీ పేరు ముందుకొస్తుంది. 2012 అక్టోబర్‌లో న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాలను ముంచిన ఆ తుపాను దారిని యూరోపియన్ మోడల్ దాదాపు వారం ముందే చూపింది, అమెరికా మోడల్ చూపలేకపోయింది. కాబట్టి యూరోపియన్ మోడలే నమ్మదగ్గదని చాలామంది తేల్చేశారు. రెండేళ్ల మూడు నెలలు తిరక్కుండానే అదే న్యూయార్క్‌లో లెక్క తారుమారైంది. ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే వారం ముందు అంచనాకు ఏది చిక్కుతుందో, ఏది చిక్కదో తెలుస్తుంది. బంగాళాఖాతం తుపాన్లకైనా, జులైలో తెలంగాణ వానలకైనా ఇదే పరీక్ష పెట్టాలి.

శాండీ: ఒకే తుపాను, రెండు దారులు

2012 అక్టోబర్ 22న నైరుతి కరీబియన్ సముద్రంలో వాయుగుండం పుట్టింది. 24న హరికేన్‌గా మారి జమైకాను, 25న మూడో కేటగిరీ (ఐదు కేటగిరీల కొలతలో) బలంతో క్యూబాలోని శాంటియాగో ప్రాంతాన్ని తాకింది. తర్వాత బహామాస్ మీదుగా ఉత్తరానికి సాగింది. అంతవరకూ మోడళ్ల మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాతి మలుపు దగ్గరే వచ్చింది.

అక్టోబర్ చివర్లో ఈ దారిన వచ్చే హరికేన్లు సాధారణంగా పడమటి గాలులకు చిక్కి ఈశాన్యానికి తిరుగుతాయి, అట్లాంటిక్ నడిమధ్యకు పోయి చల్లారతాయి. అమెరికా వారి జీఎఫ్ఎస్ మోడల్ మొదట్లో అదే చూపించింది. యూరోపియన్ సెంటర్ మోడల్, అంటే ఈసీఎండబ్ల్యూఎఫ్, మాత్రం తుపాను ఎడమకు తిరిగి తీరం మీదికి దాదాపు లంబకోణంలో వస్తుందంది. గ్రీన్‌లాండ్ వైపు, ఉత్తర అట్లాంటిక్ మీద అధిక పీడనం గట్టిగా కూర్చుని తూర్పు దారిని మూసేసింది. అదే సమయంలో అమెరికా భూభాగం మీదుగా లోతైన ద్రోణి (పొడవాటి అల్పపీడన ప్రాంతం) ఒకటి తూర్పుకు కదులుతోంది. అది తుపానును ఎప్పుడు, ఎంత లోతులో అందుకుంటుందన్న దాన్ని బట్టే తుపాను సముద్రంలోకి పోతుందా, న్యూజెర్సీ మీదికి వస్తుందా అన్నది తేలాలి. అక్కడ కొన్ని గంటల తేడా వస్తే దారి వందల కిలోమీటర్లు పక్కకు పోతుంది.

తీరం దాటడానికి సుమారు నాలుగు రోజుల ముందు జీఎఫ్ఎస్ కూడా తన దారిని తీరం వైపు తిప్పుకుంది. అక్టోబర్ 29 రాత్రి ఏడున్నర ప్రాంతంలో శాండీ న్యూజెర్సీలోని బ్రిగంటైన్ దగ్గర తీరం దాటింది. అప్పుడు తుపాను మధ్యలో గాలి పీడనం 945 హెక్టోపాస్కళ్లు (పీడనం ఎంత తగ్గితే తుపాను అంత బలం), గాలి వేగం గంటకు దాదాపు 130 కిలోమీటర్లు.

తేడా ఎక్కడి నుంచి వచ్చింది

మొదట అందరూ కంప్యూటర్ల వైపు వేలు చూపించారు. మోడల్ భూమిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి లెక్క కడుతుంది. అప్పట్లో ఈసీఎండబ్ల్యూఎఫ్ గడి సుమారు 16 కిలోమీటర్లు, జీఎఫ్ఎస్ గడి సుమారు 27 కిలోమీటర్లు. చిన్న గడి ఉన్న మోడల్ గెలిచిందనడం సులువే. కానీ తర్వాత జరిగిన ప్రయోగాలు వేరే కారణం చూపించాయి. ఒకే మోడల్‌ను తీసుకుని, ఒకసారి యూరోపియన్ ప్రారంభ స్థితితో (లెక్క మొదలయ్యే వేళకు వాతావరణం ఎలా ఉందన్న కొలతలతో), ఇంకోసారి అమెరికా ప్రారంభ స్థితితో నడిపారు. రెండు సందర్భాల్లోనూ క్యుములస్ మేఘాలను (పైకి పొంగే మేఘాలను) లెక్కగట్టే పద్ధతిని మార్చి మార్చి చూశారు. దారి ఎటు చీలుతుందన్నది ప్రారంభ స్థితి కంటే ఆ మేఘాల పద్ధతి మీదే ఎక్కువగా ఆధారపడింది.

దీన్ని కాస్త వివరించాలి. ఉరుముల మేఘం ఒక్కోటి కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, కాబట్టి 16 లేదా 27 కిలోమీటర్ల గడిలో దాని రూపం పట్టదు. గడి మొత్తానికి సగటున ఎంత తేమ పైకి లేచింది, ఎంత వేడి విడుదలైంది అని ఒక సూత్రంతో అంచనా కడతారు. దీన్నే పారామెటరైజేషన్ అంటారు. ఆ వేడి ఎంత ఎత్తులో విడుదలైతే తుపాను అంత లోతుగా నిలబడుతుంది. లోతైన తుపానును పై గాలులు ఒకవైపుకు, లోతు తక్కువ తుపానును కింది గాలులు మరోవైపుకు లాగుతాయి. మేఘాల సూత్రంలోని చిన్న తేడా వారం తర్వాత దారిలో పెద్ద తేడాగా బయటపడింది.

ఉపగ్రహాల పాత్ర కూడా తేలింది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల సమాచారాన్ని పూర్తిగా తీసేసి ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌ను మళ్లీ నడిపితే, ఐదు రోజుల ముందు అంచనా న్యూజెర్సీని పట్టలేకపోయింది. తుపాను సముద్రం మీద ఉన్నప్పుడు బెలూన్లు, నౌకల కొలతలు చాలా తక్కువ ఉంటాయి. ఆ ఖాళీని నింపేది ఈ ఉపగ్రహాలే.

అంచనా సరైంది, హెచ్చరిక చిక్కుపడింది

తీరం దాటేసరికి శాండీ ఉష్ణమండల తుపాను లక్షణాలు కోల్పోతుందని అంచనా, అలాగే జరిగింది కూడా. అప్పటి నిబంధనల ప్రకారం అలాంటి తుపానుకు నేషనల్ హరికేన్ సెంటర్ హరికేన్ హెచ్చరిక ఇవ్వకూడదు. అందుకే నార్త్ కరోలినాకు ఉత్తరాన హరికేన్ హెచ్చరిక జారీ కాలేదు. స్థానిక వాతావరణ కార్యాలయాలు వేరే పేర్లతో గాలి, వరద హెచ్చరికలు ఇచ్చాయి. జనానికి హరికేన్ అన్న మాట వినబడలేదు. 2013లో ఆ నిబంధన మార్చారు. మోడల్ వారం ముందే చెప్పినా ఆ మాట చివరి మనిషి దగ్గరికి చేరడానికి ఇంకో గట్టి వ్యవస్థ కావాలి. మోడళ్ల పోటీ గురించి రాసేవాళ్లు దీన్ని తరచూ వదిలేస్తారు.

ఉప్పెన సంగతీ ఇలాంటిదే. మన్‌హట్టన్ దక్షిణపు కొసన ఉన్న బ్యాటరీ దగ్గర ఉప్పెన 9 అడుగులు దాటింది. అది పౌర్ణమి పోటుతో కలవడంతో నీరు సబ్‌వే సొరంగాల్లోకి దూరింది. కొంచెం పక్కన, లాంగ్ ఐలాండ్ సౌండ్‌లోని కింగ్స్ పాయింట్ దగ్గర ఉప్పెన 12 అడుగులు దాటింది. కానీ అది పాటు సమయానికి వచ్చింది, లేకపోతే అక్కడి నష్టం ఇంకా పెరిగేది. దారి సరిగ్గా చెప్పినా తీరం దాటే వేళలో ఆరు గంటల తప్పు వస్తే నీటి ఎత్తు అంచనా మొత్తం మారిపోతుంది. వారం ముందు అంచనాలో ఆ ఆరు గంటలు ఎవరికీ చిక్కవు. వారం ముందు తీరం జాగ్రత్త అని చెప్పవచ్చు. ఏ వీధిలో ఎంత నీరు అన్నది చివరి రోజున్నర దాకా ఆగాల్సిందే.

2015 జనవరి: అదే ఊరు, తారుమారైన ఫలితం

2015 జనవరి 26, 27 తేదీల్లో ఈశాన్య అమెరికా తీరం వెంబడి పెద్ద మంచు తుపాను వస్తుందన్నారు. న్యూయార్క్ నగరానికి 20 నుంచి 30 అంగుళాల మంచు పడుతుందని అంచనా. యూరోపియన్ మోడల్ అల్పపీడనాన్ని తీరానికి దగ్గరగా పెట్టి నగరాన్ని భారీ మంచు పట్టీలో చూపించింది. జీఎఫ్ఎస్ దాన్ని తూర్పుగా, సముద్రం వైపు పెట్టి నగరానికి చాలా తక్కువ మంచు చూపించింది. సుమారు 13 కిలోమీటర్ల గడితో ఉన్న దాని కొత్త రూపం అప్పటికి రెండు వారాల కిందే, జనవరి 14న, వాడుకలోకి వచ్చింది. భారీ మంచు అంచనాను నమ్మి సబ్‌వే మొత్తాన్ని మూసేశారు. మంచు కారణంగా అలా మూసేయడం నగర చరిత్రలో అదే మొదటిసారి.

చివరికి సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8 అంగుళాలు. నగరానికి సుమారు 75 కిలోమీటర్ల తూర్పున ఉన్న ఐస్లిప్‌లో 24.9 అంగుళాలు పడింది. మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో 34.5 అంగుళాలు. తుపాను రానే వచ్చింది, అంచనా వేసినంత మంచూ కురిసింది. పట్టీ అంచు మాత్రం కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుకు జరిగింది. సముద్రం మీద అంత తప్పు ఎవరి కంటా పడదు. ఆ అంచు నగరం మీదుగా పోతోంది కనుకే అది అంత పెద్ద తప్పుగా కనిపించింది.

శాండీలో తప్పు ఐదారు రోజుల ముందు, పెద్ద స్థాయి గాలుల దగ్గర వచ్చింది. మంచు తుపానులో తప్పు ఒకటిన్నర రోజుల ముందు, పట్టీ అంచు దగ్గర వచ్చింది. మొదటి పరీక్షలో గెలిచిన మోడల్ రెండోదాంట్లోనూ గెలుస్తుందనుకోవడానికి ఆధారం లేదు. శాండీ తెచ్చిన పేరు 2015లో అంచనా వేసేవాళ్ల మీద భారంగా పనిచేసిందని మా అభిప్రాయం.

సగటున యూరోపియన్ మోడల్ ముందుందన్న మాట నిజమే. 500 హెక్టోపాస్కళ్ల ఎత్తులో (నేల నుంచి సుమారు ఐదున్నర కిలోమీటర్ల పైన) గాలుల తీరును కొలిచే స్కోర్లలో అది చాలా ఏళ్లుగా జీఎఫ్ఎస్ కంటే పైన ఉంది. కానీ ఆ స్కోరు అర్ధగోళం మొత్తానికి, నెలల తరబడి తీసిన సగటు. రేపు మన ఊళ్లో వాన పడుతుందా అన్న ప్రశ్నకు అందులో జవాబు వెతకకూడదు.

శాతం చెప్పే అబద్ధం

మా అంచనా 90 శాతం కచ్చితం అని ఎవరైనా అంటే ముందు 1884 నాటి ఫిన్లీ లెక్క గుర్తు చేసుకోవాలి. అమెరికా సైన్యపు వాతావరణ విభాగంలో పనిచేసిన ఫిన్లీ టోర్నడోల గురించి 2,803 అంచనాలు వేశాడు. వస్తుందని చెప్పి నిజంగా వచ్చినవి 28. వస్తుందని చెప్పినా రానివి 72. చెప్పకుండా వచ్చినవి 23. మిగిలిన 2,680 సార్లు రాదన్నాడు, రాలేదు. మొత్తం కచ్చితత్వం 96.6 శాతం. అయితే ఏనాడూ టోర్నడో రాదని కళ్లు మూసుకుని చెప్పినా 98.2 శాతం వస్తుందని గిల్బర్ట్ అనే మరో శాస్త్రవేత్త చూపించాడు.

ఇదే తప్పు మన దగ్గర వానకాలం అంచనాల్లో రోజూ జరుగుతుంది. ఊహా అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు 122 రోజులు. ఒక ఊళ్లో 15.6 మిల్లీమీటర్లు, అంటే ఐఎండీ (భారత వాతావరణ శాఖ) లెక్కలో మోస్తరు వాన, దాటుతుందా లేదా అన్నది ప్రశ్న. దాటుతుందని చెప్పి దాటిన రోజులు 12, చెప్పినా దాటనివి 18, చెప్పకుండా దాటినవి 10, మిగిలినవి 82 అనుకుందాం. సాదా కచ్చితత్వం 94 బై 122, అంటే 77 శాతం. ఏ రోజూ దాటదని చెప్పేవాడికి వచ్చేది 82 శాతం.

కాబట్టి ఈ నాలుగు అంకెల నుంచి వేరే కొలతలు తీయాలి. నిజంగా దాటిన 22 రోజుల్లో ముందే పట్టినవి 12, అంటే 55 శాతం. దాటుతుందన్న 30 రోజుల్లో ఉత్తివి 18, అంటే 60 శాతం. పట్టిన 12ను, పట్టినవీ తప్పినవీ ఉత్తివీ కలిపిన 40తో భాగిస్తే 0.30. ఏమీ జరగని 82 రోజులు అందులోకి రావు కనుక ఆ కొలత అంత సులువుగా మోసం చేయదు. 30ని 22తో భాగిస్తే 1.36 వస్తుంది, అంటే ఈ మోడల్ వానను అతిగా చెబుతోంది. ఈ చివరి అంకెను చాలామంది వదిలేస్తారు. వెంటనే సరిదిద్దుకోగలిగింది మాత్రం అదే.

బంగాళాఖాతంలో: లెహర్, మిచౌంగ్

2013 నవంబర్‌లో లెహర్ అండమాన్ దీవులు దాటి, అతి తీవ్ర తుపానుగా బలపడి ఆంధ్ర తీరం వైపు వచ్చింది. అదే బలంతో తాకుతుందని హెచ్చరికలు వెళ్లాయి. 27న సముద్రం మీదే వేగంగా బలహీనపడింది. 28న మచిలీపట్నానికి దక్షిణాన వట్టి వాయుగుండంగా తీరం దాటింది. దిశ దాదాపు అనుకున్నదే, తప్పింది బలం. తీరం దగ్గర సముద్రపు నీటిలో వేడి తక్కువ, పై గాలుల్లో ఎత్తును బట్టి వేగం, దిశ మారిపోయే తీరు ఎక్కువ, పొడి గాలి లోపలికి చొరబడింది. మోడళ్లు దారి కంటే బలాన్ని అంచనా వేయడంలో ఎప్పుడూ వెనకబడే ఉంటాయి. తుపాను కన్ను చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర జరిగేదే బలాన్ని నిర్ణయిస్తుంది, అది పెద్ద గడిలో కనిపించదు.

బలాన్ని పోల్చేటప్పుడు ఒక సాంకేతిక చిక్కు ఉంది. ఐఎండీ గాలి వేగాన్ని మూడు నిమిషాల సగటుగా చెబుతుంది, అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటుగా చెబుతాయి. ఒకే తుపానుకు రెండు అంకెలు కనిపిస్తే ఒకరు దాస్తున్నారనీ ఒకరు పెంచుతున్నారనీ వాదించుకోవడం వృథా.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ ఇంకో కోణం చూపింది. అది 5వ తేదీ మధ్యాహ్నం బాపట్లకు దక్షిణాన తీరం దాటింది. కానీ పెద్ద వరద వచ్చింది మూడు వందల కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న చెన్నైలో, 3, 4 తేదీల్లో. తుపాను చెన్నై పక్కన నెమ్మదిగా కదలడమే కారణం. మ్యాప్ మీద తీరం దాటే చుక్క ఎక్కడ పడిందనే అందరూ చూస్తారు. తుపాను ఎక్కడ నెమ్మదిస్తుందన్నది అంతకంటే ముందు చూడాలి.

సభ్యులను ఎలా చదవాలి

మోడల్‌ను ఒకే ఒక్కసారి నడిపిన ఫలితం చూసి వారం అంచనా చెప్పకూడదు. ఒకే మోడల్‌ను చాలాసార్లు నడిపితే వచ్చే ఫలితాల గుంపును ఎన్సెంబుల్ అంటారు, ఒక్కో ఫలితాన్ని సభ్యుడు అంటారు. ఈసీఎండబ్ల్యూఎఫ్ ఎన్సెంబుల్‌లో 51 మంది సభ్యులు, అమెరికా జీఈఎఫ్ఎస్‌లో 31 మంది. ప్రారంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి అన్నిసార్లు మోడల్ నడుపుతారు. మొదటి మూడు రోజులు మ్యాప్ మీద సభ్యుల దారులన్నీ దగ్గరగా ఉండి ఐదో రోజు నుంచి విప్పారితే అది మామూలే. రెండు గుంపులుగా చీలితే మాత్రం వాటి సగటు తీసుకోకూడదు. ఒక గుంపు న్యూజెర్సీకి, ఇంకో గుంపు నడి సముద్రానికి పోతుంటే వాటి నడుమ దారిన తుపాను రాదు. అప్పుడు రెండు గుంపులనూ విడివిడిగా, ఎంతమంది ఎటు అన్న అంకెతో చెప్పాలి. అందరూ ఒకే చోటికి చేరినంత మాత్రాన నిశ్చింత అనుకోకూడదు. ఒకే మోడల్ సభ్యులందరికీ మేఘాల సూత్రం దాదాపు ఒకటే కాబట్టి ఆ సూత్రంలో లోపం ఉంటే అందరూ కలిసే తప్పుతారు. అందుకే ఇంకో సంస్థ మోడల్ చూడాలి. మన దగ్గర ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ (మధ్యకాలిక వాతావరణ అంచనాల జాతీయ కేంద్రం) వారి ఎన్‌సీయూఎం మోడల్, 2025 మేలో మొదలైన 6 కిలోమీటర్ల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఉన్నాయి.

గ్రాఫ్‌కాస్ట్ లాంటి కృత్రిమ మేధ మోడళ్లు, 2025 ఫిబ్రవరి నుంచి రోజూ నడుస్తున్న యూరోపియన్ సెంటర్ కృత్రిమ మేధ మోడల్ ఏఐఎఫ్ఎస్ తుపాను దారి విషయంలో బాగా పోటీ ఇస్తున్నాయి. కానీ సగటు వర్గ దోషాన్ని (తప్పుల వర్గాల సగటును) తగ్గించేలా నేర్పిన మోడల్‌కు శిఖరాలను నునుపు చేసే గుణం ఉంటుంది. అది 200 మిల్లీమీటర్ల వానను 90గా చూపితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మీ ఊరికి లెక్క కట్టాలంటే

ఎక్కువ తప్పులు దొర్లేది రోజు సరిహద్దు దగ్గర. ఐఎండీ వాన రోజు ఉదయం 8.30 నుంచి మర్నాటి 8.30 దాకా. మోడల్ 24 గంటల మొత్తం సాధారణంగా 00 యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) నుంచి, అంటే మన ఉదయం 5.30 నుంచి. ఫోన్ యాప్ రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. పైగా 5వ తేదీ ఉదయం నమోదైన వానలో ఎక్కువ భాగం 4న పడిందే. ఇవి సర్దకుండా పోలిస్తే మంచి మోడల్ కూడా ఒక రోజు తప్పినట్టు కనిపిస్తుంది. మూడేసి గంటల వానను దించుకుని 8.30 నుంచి 8.30 దాకా కలుపుకోవడం మేలు.

తర్వాత గడి సగటుకూ ఒక్క చోట కొలిచిన వానకూ ఉన్న తేడా. 12 కిలోమీటర్ల గడి అంటే 144 చదరపు కిలోమీటర్ల సగటు. జులై సాయంత్రం ఒక మేఘం మండలంలో సగాన్ని తడిపి సగాన్ని వదిలేస్తుంది. ఒకే వానకొలత మీద ఆధారపడకుండా చుట్టూ ఉన్న ఐదారు స్టేషన్లు తీసుకోవాలి. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి కనుక ఇది కష్టం కాదు. బులెటిన్లలో ఒకటి రెండు చోట్ల అంటే నాలుగో వంతు స్టేషన్లకు మించదని అర్థం. మీ ఊళ్లో పడనంత మాత్రాన ఆ అంచనా తప్పు కాదు.

ఉష్ణోగ్రతకు ఎత్తు చూడాలి. అరకు, లంబసింగి లాంటి చోట్ల గడి సగటు ఎత్తు నిజమైన ఎత్తు కంటే తక్కువ ఉంటే మోడల్ వేడిగా చెబుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గిస్తే కొంత సర్దుకుంటుంది. మిగిలిన తప్పును గత నెల రోజుల సగటు తేడాతో దిద్దాలి.

అంచనాను శాతంగా ఉంచుకుంటేనే రైతుకు పనికొస్తుంది. కల్లంలో ధాన్యం మీద టార్పాలిన్ కప్పించడానికి రెండు వేలు ఖర్చు, తడిస్తే ఇరవై వేల నష్టం అనుకుందాం. వాన అవకాశం 10 శాతం దాటితే కప్పించడమే లాభం. అదే వాన మీద ఖర్చూ నష్టమూ దాదాపు సమానమైన ఇంకో పని ఉంటే 90 శాతం దాకా ఆగవచ్చు. ఒకే అంచనాకు ఇద్దరు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నా ఇద్దరూ సరైనవాళ్లే కావచ్చు.

పట్టికలో ప్రతి రోజుకూ ఒకటి, మూడు, ఐదు, ఏడు రోజుల ముందు చెప్పినవి వేర్వేరు గళ్లలో రాయాలి. యాప్‌లు పాత అంచనాను చెరిపేస్తాయి కనుక జారీ అయిన రోజే దించుకోవాలి. ఏడో రోజు గడికి పోటీగా ఆ తేదీకి పాత ఏళ్ల సగటును కూడా ఒక మోడల్‌గా పెట్టాలి. దాన్ని దాటలేని ఏడో రోజు అంచనాతో పని నడపకూడదు. మోడల్ వెర్షన్ మారిన తేదీ పక్క గడిలో ఉండాలి. 2012 జీఎఫ్ఎస్‌కు వచ్చిన మార్కులు 2015 జనవరి 14 తర్వాతి జీఎఫ్ఎస్‌కు చెల్లవు, కాబట్టి ఆ గీత దగ్గర లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.